పట్టిక వెనుక పిల్లలు: ‘పిగ్మేలియన్ ఇన్ ది క్లాస్‌రూమ్’ – ఒక విమర్శనాత్మక పఠనం

1. పరిచయం

విద్యా మనోవిజ్ఞాన శాస్త్రం చదివే వారికి ఎక్కడో ఒకచోట ఈ వాక్యం తప్పక ఎదురవుతుంది: “ఉపాధ్యాయుడు విద్యార్థిపై ఎక్కువ ఆశ పెట్టుకుంటే ఆ విద్యార్థి ప్రజ్ఞ పెరుగుతుందని రోసెంతాల్, జాకబ్‌సన్ నిరూపించారు.” మీరూ పరీక్షలో ఈ వాక్యం రాసి మార్కులు తెచ్చుకొని ఉండవచ్చు. వాక్యం వినసొంపుగా ఉంటుంది. ఉపాధ్యాయ వృత్తికి గౌరవం తెచ్చేదిగానూ ఉంటుంది. చిక్కంతా చివరి మాటతోనే. నిజంగా నిరూపించారా?

ఈ పాఠంలో ఆ గ్రంథాన్ని మనం ఒక విద్యా మనోవిజ్ఞానవేత్త చదవవలసిన తీరులో చదువుదాం. పాఠశాలల్లో పనిచేసే మనోవిజ్ఞానవేత్త ముందుకు రోజూ అంకెలు వస్తాయి. ఒక పిల్లవాడి పరీక్ష స్కోరు, ఒక కొత్త బోధనా పద్ధతి ఫలితాలు, ఒక శిక్షణ కార్యక్రమం నివేదిక. వాటిని నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవడమే ఆ వృత్తిలో సగం పని. ఇంగ్లండులో 2006 నుంచి విద్యా మనోవిజ్ఞానవేత్తలకు మూడేళ్ల డాక్టరేటు శిక్షణను తప్పనిసరి చేశారు. పరిశోధన పద్ధతులు, సొంత పరిశోధన అందులో భాగం. బడిలో పిల్లలతో పనిచేయబోయే వారికి అంత పరిశోధన శిక్షణ ఎందుకు అనే ప్రశ్న మీకు కలగవచ్చు. ఈ పాఠం పూర్తయ్యేసరికి దానికి మీరే సమాధానం చెప్పగలుగుతారు.

2. గ్రంథ నేపథ్యం

రాబర్ట్ రోసెంతాల్ అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోవిజ్ఞానవేత్త. ప్రయోగం చేసేవారి అంచనాలు ప్రయోగ ఫలితాలను ఎలా మారుస్తాయన్నది ఆయన అధ్యయన విషయం. కొందరు విద్యార్థులకు ఎలుకలనిచ్చి, కొందరితో ‘ఇవి చురుకైనవి’ అనీ, మరికొందరితో ‘ఇవి మందకొడివి’ అనీ చెప్పారు. నిజానికి అవన్నీ ఒకే రకం ఎలుకలు. అయినా చురుకైనవని చెప్పిన ఎలుకలే చిక్కుదారులను బాగా నేర్చుకున్నట్లు ఫలితాలు వచ్చాయి. ఈ విషయాలపై 1963లో ఆయన రాసిన వ్యాసాన్ని దక్షిణ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు లెనోర్ జాకబ్‌సన్ చదివారు. తరగతి గదిలోనూ ఇలాగే జరుగుతుందేమో తన బడిలో పరిశీలించవచ్చని ఆయనకు రాశారు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాల ఫలితమే 1968లో వెలువడిన ఈ గ్రంథం. తాను చెక్కిన శిల్పం ప్రాణం పోసుకోవడం చూసిన గ్రీకు పురాణ శిల్పి పేరు పిగ్మేలియన్. ఆ పేరునే గ్రంథానికి పెట్టారు.

ప్రయోగ పద్ధతి సులువైనది. గ్రంథంలో ఆ పాఠశాలకు ‘ఓక్ స్కూల్’ అని మారుపేరు పెట్టారు. 1964 వసంతకాలంలో అక్కడి పిల్లలకు ‘టోగా’ అనే సామూహిక ప్రజ్ఞా పరీక్ష నిర్వహించారు. రాబోయే ఏడాదిలో ఏ పిల్లలు ఒక్కసారిగా వికసిస్తారో ఈ పరీక్ష చెబుతుందని ఉపాధ్యాయులకు చెప్పారు. కొత్త విద్యా సంవత్సరం మొదట్లో ప్రతి తరగతి ఉపాధ్యాయునికీ కొన్ని పేర్లు ఇచ్చారు. పిల్లల్లో సుమారు 20 శాతం మంది పేర్లు ఆ జాబితాల్లో ఉన్నాయి. ఆ పేర్లకు పరీక్ష స్కోర్లతో సంబంధం లేదు. అవి యాదృచ్ఛికంగా ఎంపిక చేసినవి. జాబితాలో ఉన్నవారు ప్రయోగ సమూహం, లేనివారు నియంత్రిత సమూహం. 1965 మే నెలలో మళ్ళీ అదే పరీక్ష పెట్టి, ఎవరి ప్రజ్ఞాలబ్ధి ఎంత పెరిగిందో లెక్కించారు.

విమర్శకు ముందు గ్రంథంలోని మంచిని చెప్పుకోవాలి. పేర్లను యాదృచ్ఛికంగా ఎంపిక చేయడం దీని ప్రధాన బలం. దానివల్ల ‘బాగా చదివే పిల్లలపైనే ఉపాధ్యాయులు ఆశ పెట్టుకున్నారు’ అనే వాదనకు తావులేదు. రచయితలు మంచి అంచనాలను మాత్రమే కలిగించారు. ‘ఈ పిల్లలు వెనకబడతారు’ అని ఎవరి గురించీ చెప్పలేదు. నైతికంగా ఇది సరైన నిర్ణయం. ఇంకొక మేలు కూడా చేశారు. తమ పట్టికలను దాచకుండా గ్రంథంలోనే అచ్చువేశారు. ఇప్పుడు మనం చేయబోయే విమర్శ ఆ నిజాయితీ వల్లనే సాధ్యమైంది.

3. పట్టికను చదవడం

కింది పట్టికను వెంటనే దాటిపోకండి. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకొని చదవండి.

పట్టిక 1: ప్రజ్ఞాలబ్ధిలో సగటు పెరుగుదల (పాయింట్లలో)

| తరగతి | నియంత్రిత సమూహం: పిల్లల సంఖ్య | సగటు పెరుగుదల | ప్రయోగ సమూహం: పిల్లల సంఖ్య | సగటు పెరుగుదల |
|---|---|---|---|---|
| 1 | 48 | 12.0 | 7 | 27.4 |
| 2 | 47 | 7.0 | 12 | 16.5 |
| 3 | 40 | 5.0 | 14 | 5.0 |
| 4 | 49 | 2.2 | 12 | 5.6 |
| 5 | 26 | 17.5 | 9 | 17.4 |
| 6 | 45 | 10.7 | 11 | 10.0 |
| మొత్తం | 255 | 8.42 | 65 | 12.22 |

చివరి వరుస మాత్రమే చూస్తే ప్రయోగ సమూహం 3.8 పాయింట్లు ఎక్కువ పెరిగింది. పాఠ్యపుస్తకాల వాక్యం ఈ వరుస నుంచి వచ్చినదే. ఇప్పుడు ఒక్కొక్క తరగతినీ విడిగా చూడండి. 3వ తరగతిలో తేడా ఏమీ లేదు. 5, 6 తరగతుల్లో నియంత్రిత సమూహమే ఒక పిసరు ముందుంది. 4వ తరగతిలో కొద్ది తేడా ఉంది. పెద్ద తేడా కనిపించేది 1, 2 తరగతుల్లోనే.

ఒక చిన్న లెక్క చేయండి. 3 నుంచి 6 వరకు ఉన్న నాలుగు తరగతుల పిల్లలను మాత్రమే తీసుకొని, ప్రతి తరగతి సగటును ఆ తరగతి సంఖ్యతో గుణించి, కూడి, మొత్తం సంఖ్యతో భాగించండి. ప్రయోగ సమూహంలోని 46 మందికి సుమారు 8.8, నియంత్రిత సమూహంలోని 160 మందికి సుమారు 7.8 వస్తుంది. తేడా ఒక్క పాయింటు. అంటే గ్రంథానికి పేరు తెచ్చిన ఫలితం మొత్తం 65 మంది మీద కాక, 1, 2 తరగతుల్లోని 19 మంది (7+12) పిల్లల మీద నిలబడి ఉంది.

5వ తరగతి వరుసను ఇంకోసారి చూడండి. అక్కడ ఎవరూ ఏ ఆశా కలిగించని 26 మంది పిల్లలు సగటున 17.5 పాయింట్లు పెరిగారు. 2వ తరగతి ప్రయోగ సమూహం పెరుగుదల 16.5. నియంత్రిత సమూహం లేకుండా ఆ 16.5 ఒక్కటే మన చేతికి వస్తే ‘అద్భుతం’ అనేవాళ్లం. అంతకు మించిన పెరుగుదల ఏ అద్భుతమూ లేకుండానే పక్క తరగతిలో వచ్చింది. మళ్ళీ అదే పరీక్ష రాయడం, వయసు, అలవాటు, యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు ఇలాంటి పెరుగుదలకు కారణాలు కావచ్చు. ‘మా పద్ధతి వల్ల పిల్లల స్కోరు ఇంత పెరిగింది’ అని ఎవరైనా నివేదిక ఇచ్చినప్పుడు మీరు వేయవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఆ పద్ధతి లేని పిల్లలకు ఎంత పెరిగింది?

4. పరీక్ష సప్రమాణత

గ్రంథం వెలువడిన ఏడాదే, అంటే 1968లో, ప్రజ్ఞా పరీక్షల నిపుణుడు రాబర్ట్ ఎల్. థార్న్‌డైక్ దీనిపై తీవ్రమైన సమీక్ష రాశారు. (అభ్యసన నియమాలు ప్రతిపాదించిన ఎడ్వర్డ్ థార్న్‌డైక్‌కు ఈయన కుమారుడు. పరీక్షల్లో ఇద్దరినీ ఒకరిగా రాయకండి.) ఆయన వేలు పెట్టి చూపిన చోటు పూర్వ పరీక్ష. 1వ తరగతిలో చేరబోతున్న పిల్లలకు ఆ పరీక్షలోని తార్కిక విభాగంలో వచ్చిన సగటు ప్రజ్ఞాలబ్ధి 58. ఒక మామూలు పాఠశాలలో చేరే పిల్లల సగటు ఇంత తక్కువగా ఉండడం జరగదు. అది పిల్లల తెలివిని చెప్పే అంకె కాదు. ఆ వయసు పిల్లలను ఆ పరీక్ష సరిగా కొలవలేకపోయిందని చెప్పే అంకె.

రిచర్డ్ స్నో అనే పరిశోధకుడు 1969లోనూ, తరువాత 1971లో జానెట్ ఎలాషాఫ్‌తో కలిసి రాసిన గ్రంథంలోనూ ఈ దత్తాంశాలను మరింత లోతుగా పరిశీలించారు. 1, 2 తరగతుల ప్రయోగ సమూహంలో ఐదుగురు పిల్లల స్కోర్లు ఇలా మారాయి: 17 నుంచి 110కి, 18 నుంచి 122కి, 133 నుంచి 202కి, 111 నుంచి 208కి, 113 నుంచి 211కి. ఈ ఐదుగురిని పక్కన పెడితే రెండు సమూహాల మధ్య తేడా మాయమవుతుందని స్నో చూపారు.

దీనికి రోసెంతాల్ పక్షాన ఒక సమాధానం ఉంది. పరీక్షలో లోపం ఉంటే అది రెండు సమూహాలకూ సమానంగా వర్తిస్తుంది కదా, అప్పుడు తేడాకు కారణం పరీక్ష ఎలా అవుతుంది? వాదన తేలికగా తోసివేయదగింది కాదు. పెద్ద సమూహాలలో ఇది చాలావరకు నిజం. కాని సమూహం చిన్నదైతే పరిస్థితి మారుతుంది. 7 మంది ఉన్న చోట ఒక్కరి స్కోరు 70 పాయింట్లు ఎగిరితే సమూహం సగటు 10 పాయింట్లు పెరుగుతుంది. అదే గెంతు 48 మంది ఉన్న సమూహంలో జరిగితే సగటు ఒకటిన్నర పాయింటు కూడా పెరగదు. అందుకే సగటును చూసిన వెంటనే ‘ఎంతమంది సగటు?’ అని అడగాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 17 అనే ఆ స్కోరు గురించి ఆలోచించండి. ఈ పరిశోధనలో అది పెరుగుదలను లెక్కించడానికి ఉపయోగపడిన ఒక తొలి అంకె మాత్రమే. పరిశోధన జరగకుండా, అదే కాగితం ఒక మనోవిజ్ఞానవేత్త బల్ల మీదికి వచ్చి ఉంటే? 17 అంటే తీవ్రమైన బౌద్ధిక వైకల్యం. ఆ అంకెను నమ్మినవారు ఆ బిడ్డను మామూలు బడి నుంచి తీసి వేరే చోటికి పంపమని రాసి ఉండేవారు. తల్లిదండ్రులకూ అదే చెప్పి ఉండేవారు. ఏడాది తిరిగేసరికి అదే బిడ్డకు అదే పరీక్షలో 110 వచ్చింది. బిడ్డ అంతగా మారిందా, పరీక్ష తప్పు చెప్పిందా?

పిగ్మేలియన్ పరిశోధనపై వచ్చిన విమర్శ ‘మంచి మాటను కాదనడం’ అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. పనికిరాని పరీక్ష ఒకచోట దొంగ ఆశను పుట్టిస్తే, ఇంకొకచోట పిల్లవాడి నుదుట తప్పుడు ముద్ర వేస్తుంది. రెంటినీ పట్టుకునే ప్రశ్న ఒక్కటే: ఈ పరీక్ష ఈ వయసు, ఈ నేపథ్యం ఉన్న పిల్లలను కొలవగలదా? దీనినే మనం సప్రమాణత అంటాం.

5. ఎవరు కొలిచారు?

ఓక్ స్కూల్‌లో పరీక్షలను నిర్వహించింది తరగతి ఉపాధ్యాయులే. ఎవరు ‘వికసిస్తారో’ తెలిసిన వారే కొలిచే వారు కూడా కావడం ఒక బలహీనత. సూచనలు చదివేటప్పుడు గొంతు మారవచ్చు. ఒక బల్ల దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడవచ్చు. అంచనాల ప్రభావాన్ని జీవితమంతా అధ్యయనం చేసిన రోసెంతాల్‌కు ఈ సందేహం రాకపోలేదు. కొన్ని తరగతుల్లో జాబితా సంగతి తెలియని వ్యక్తితో మళ్ళీ పరీక్ష పెట్టించారు. అయినా ప్రధాన ఫలితాలు ఉపాధ్యాయులు నిర్వహించిన పరీక్షలవే.

ఇంకొక విచిత్రం ఉంది. జాబితాను ఒకసారి చూశాం గాని పెద్దగా పట్టించుకోలేదని చాలామంది ఉపాధ్యాయులు తరువాత చెప్పారు. పేర్లు కూడా వారికి సరిగా గుర్తులేవు. మరి అంచనా ఏ దారిలో బిడ్డను చేరింది? ఉపాధ్యాయులు తరగతిలో ఏం చేశారో ఎవరూ కూర్చొని గమనించలేదు. కారణం, ఫలితం రెండూ చెప్పి, మధ్యలో జరిగినది చెప్పని పరిశోధన ఇది.

కొలిచే చేయి వేరుగా ఉండాలన్న నియమానికి మన ప్రాంతంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005-06 నుంచి ఐదు జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఒక పెద్ద ప్రయోగం చేశారు. పిల్లల మార్కుల మెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహక బోనస్ ఇస్తే చదువు బాగుపడుతుందా అన్నది వారి ప్రశ్న. 100 పాఠశాలల్లో ఒక్కొక్క ఉపాధ్యాయునికీ విడిగా, మరో 100 పాఠశాలల్లో అందరికీ ఉమ్మడిగా బోనస్ ఇచ్చారు. ఇంకో 100 పాఠశాలలు నియంత్రిత సమూహం. వీటన్నిటినీ యాదృచ్ఛికంగా ఎంపిక చేశారు. పరీక్షలను ఆ బడి ఉపాధ్యాయులు కాక బయటివారు నిర్వహించారు. బోనస్ ఎవరికి అందుతుందో వారే మార్కులు వేస్తే ఫలితాన్ని ఎవరు నమ్ముతారు? 2011లో అచ్చయిన ఫలితాల ప్రకారం రెండేళ్ల తరువాత బోనస్ ఉన్న పాఠశాలల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు ముందున్నారు. బోనస్ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ చర్చను అంకెలపై నమ్మకంతో చేయగలిగే వీలును ఈ పద్ధతి కల్పించింది.

6. తరువాతి పరిశోధనలు ఏం చెప్పాయి?

ఒక పరిశోధనలో లోపాలున్నాయంటే దాని పరికల్పన అబద్ధమని అర్థం కాదు. విమర్శ చేసేటప్పుడు విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఇది. ‘నిరూపించలేదు’ అనడం వేరు, ‘తప్పని నిరూపించారు’ అనడం వేరు.

స్టీఫెన్ రాడెన్‌బుష్ 1984లో ఇలాంటి 18 ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించారు. ఉపాధ్యాయులకు పిల్లలతో అప్పటికే రెండు వారాలకు మించి పరిచయం ఉంటే, బయటి నుంచి అందించిన సమాచారం ప్రభావం దాదాపు లేదని తేలింది. పరిచయం లేనప్పుడు ప్రభావం కనిపించింది. ఇది మన అనుభవానికి కూడా సరిపోతుంది. ఒక బిడ్డను రోజూ చూస్తున్న ఉపాధ్యాయులు ఎవరో ఇచ్చిన కాగితం కంటే తమ కళ్లనే నమ్ముతారు. బిడ్డ ఎవరో తెలియని మొదటి రోజుల్లో మాత్రం ఆ కాగితమే బిడ్డ అవుతుంది.

లీ జుస్సిమ్, కెంట్ హార్బర్ 2005లో అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించారు. ఉపాధ్యాయుల అంచనాలు నిజం కావడం తరగతి గదుల్లో ఉన్నదే, కాని ఆ ప్రభావం సాధారణంగా చిన్నదని, చాలాసార్లు అంచనా నిజం కావడానికి కారణం ఆ అంచనా సరైనది కావడమేనని వారు తేల్చారు. కాబట్టి మీరు పరీక్షలో రాయవలసిన వాక్యం ఇలా మారుతుంది: ఉపాధ్యాయుల అంచనాలు విద్యార్థుల ప్రగతిపై కొంత ప్రభావం చూపుతాయి, ఆ ప్రభావం సాధారణంగా స్వల్పం, అది పరిచయం, సందర్భాలను బట్టి మారుతుంది, ఓక్ స్కూల్ ప్రయోగం ఈ ప్రశ్నను లేవనెత్తింది, తేల్చలేదు. పాత వాక్యమంత అందంగా లేదు. కాని దీన్ని మీరు ఎవరి ముందైనా సమర్థించగలరు.

గ్రంథంలో ఎక్కువమంది దృష్టికి రాని ఒక పరిశీలనను కూడా గుర్తుంచుకోండి. జాబితాలో పేరు లేకుండా, నిదాన అభ్యాసకుల విభాగంలో ఉన్న పిల్లల్లో ఎవరి స్కోరు బాగా పెరిగిందో వారిని ఉపాధ్యాయులు అంత అనుకూలంగా చూడలేదు. ఎదుగుతాడని ఎవరూ అనుకోని బిడ్డ ఎదిగితే అది మెప్పుగా కాక ఇబ్బందిగా తోచిందన్నమాట. ఇది కూడా చిన్న సమూహాల ఫలితమే. మనం ఇంతవరకు వాడిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది. అయినా ముందు పరిశోధించదగిన ప్రశ్న ఇందులో ఉంది.

7. శిక్షణకు దీని నుంచి పాఠం

పరిశోధన పద్ధతుల బోధన చాలాచోట్ల ఒక సూత్రాల వరుసగా సాగుతుంది. ప్రతిచయనం, పరికల్పన, టి-పరీక్ష, సార్థకత స్థాయి. విద్యార్థి చివర్లో ఒక పరిశోధన పత్రం సమర్పిస్తాడు. అక్కడితో పద్ధతుల అవసరం తీరిపోయినట్లు అనిపిస్తుంది. నిజానికి పాఠశాలల్లో పనిచేసే మనోవిజ్ఞానవేత్త తన జీవితంలో సొంతంగా చేసే పరిశోధనలు కొద్ది. ఇతరుల పరిశోధనలను, పరీక్షలను చదివి ఒక బిడ్డ విషయంలో నిర్ణయం తీసుకునే సందర్భాలు మాత్రం లెక్కలేనన్ని. అందువల్ల శిక్షణలో పరిశోధన చేయడానికి ఇచ్చినంత చోటు పరిశోధనను చదవడానికీ ఇవ్వాలి. సూత్రం మరచిపోతే పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. సగటు కనిపించగానే దాని వెనుక ఉన్న పిల్లలను లెక్కపెట్టే అలవాటు పుస్తకం తెరిస్తే రాదు. సాధన చేస్తేనే వస్తుంది.

మీలో కొందరు ఇప్పటికే ఉపాధ్యాయులుగా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా పనిచేస్తూ ఉండవచ్చు. మీ చేతికి వచ్చే ప్రతి నివేదికనూ నాలుగు ప్రశ్నలతో చదవండి: ఎంతమంది పిల్లలు? వారిని పోల్చినది ఎవరితో? కొలిచిన పరీక్ష ఈ పిల్లలకు తగినదేనా? కొలిచిన వారికి ఫలితంపై ముందే ఒక ఆశ ఉందా? ఈ నాలుగింటికీ జవాబు దొరికేవరకు ‘నిరూపించారు’ అనే మాట వాడకండి.

8. సారాంశం

‘పిగ్మేలియన్ ఇన్ ది క్లాస్‌రూమ్’ ముఖ్యమైన ప్రశ్న వేసిన గ్రంథం. యాదృచ్ఛిక ఎంపిక, దత్తాంశాలను బయటపెట్టడం దాని బలాలు. ఫలితం 1, 2 తరగతుల్లోని 19 మంది పిల్లలపై ఆధారపడడం, చిన్న పిల్లలకు పరీక్ష తగినది కాకపోవడం, ఉపాధ్యాయులే కొలవడం, తరగతిలో జరిగినదాన్ని గమనించకపోవడం దాని బలహీనతలు. తరువాతి పరిశోధనలు ఉపాధ్యాయుల అంచనాలకు ప్రభావం ఉందని, అది సాధారణంగా స్వల్పమని చూపాయి. ఉపాధ్యాయులు పిల్లలపై ఆశ పెట్టుకోవడానికి ఈ పట్టిక అనుమతి అవసరం లేదు. కాని ఒక బిడ్డ గురించి ఒక అంకెను కాగితం మీద పెట్టే ముందు ఆ అంకె ఎలా వచ్చిందో తెలుసుకోవడం మన బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పట్టిక 1 నుంచి 1, 2 తరగతుల పిల్లలను మాత్రమే తీసుకొని రెండు సమూహాల సగటు పెరుగుదలను లెక్కించండి. మొత్తం ఫలితంతో పోల్చండి.
2. ‘పరీక్ష లోపం రెండు సమూహాలకూ సమానమే’ అనే వాదన ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు? ఉదాహరణతో రాయండి.
3. మీకు తెలిసిన ఒక బడిలో ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేయవలసి వస్తే ఏ మూడు మార్పులు చేస్తారు? ఎందుకు? ఉపాధ్యాయులకు అబద్ధం చెప్పడం నైతికంగా సరైనదేనా అన్న విషయాన్నీ చర్చించండి.